ప్లాంటులో కొలత పక్కా.. మరి గ్యారేజీలో?

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లో షూటింగ్ అంటే కెమెరా కంటే ముందు కదిలేవి బండ్లే. తెల్లవారకముందే జనరేటర్ వ్యాన్లు, క్యారవాన్లు, లైట్ల సామాను లారీలు బయలుదేరతాయి. వాటిని నడిపేవాళ్లలో, బాగుచేసే ఉస్తాద్‌లలో యూసుఫ్‌గూడ, బోరబండ, షేక్‌పేట, టోలిచౌకి కుటుంబాల వాళ్లు ఎందరో. 30 శాతం వేతన పెంపు కావాలని 2025 ఆగస్టులో సినీ కార్మికులు సమ్మెకు దిగితే షూటింగులు ఆగిపోయాయి. బండి కదలని రోజు ఇంట్లో ఎలా గడుస్తుందో ఈ కుటుంబాలకు వేరే చెప్పక్కర్లేదు. సమ్మె లేకపోయినా బండిని మూలన పడేసేది ఇంకొకటుంది. అది నాసిరకం ఇంజిన్ ఆయిల్.

ఇంజిన్ ఆయిల్ అంటే ఒకే నూనె కాదు. అందులో ఎక్కువ భాగం బేస్ ఆయిల్. మిగతావి అడిటివ్‌లు. మసిని కడిగేది ఒకటి, కడిగిన మసి గడ్డకట్టకుండా చూసేది ఒకటి, ఇనుము అరగకుండా కాపాడేది ఇంకొకటి, వేడికి నూనె మరీ పలచబడకుండా ఆపేది మరొకటి. ఒకప్పుడు వీటిని పెద్ద ట్యాంకులో పోసి, గంటల తరబడి కలిపి, శాంపిల్ తీసి చూసేవాళ్లు. తేడా వస్తే మళ్లీ సరిచేయాల్సిందే. పనివాడి చెయ్యి కాస్త అటూ ఇటూ అయితే ట్యాంకు మొత్తం తేడా వచ్చేది.

ఇప్పుడు పెద్ద కంపెనీల ప్లాంట్లలో ఆ పని కంప్యూటర్ చేస్తోంది. ఫార్ములా ఎక్కిస్తే చాలు, ఏ పైపు నుంచి ఎంత రావాలో మీటర్లు కొలుస్తాయి, ట్యాంకు కింద అమర్చిన తూకం పరికరాలు బరువు చూస్తాయి. సరిపోగానే వాల్వ్ దానంతటదే మూసుకుంటుంది. కొన్నిచోట్ల అన్ని రకాలూ ఒకేసారి లెక్క ప్రకారం పైపులోకి వచ్చి, అక్కడే కలిసిపోతాయి. ఒక గ్రేడ్ పూర్తయ్యాక పైపుకు సరిగ్గా సరిపోయే రబ్బరు బిరడాను గాలి ఒత్తిడితో తోస్తారు. లోపల మిగిలిన నూనెను అది ఊడ్చుకుపోతుంది, తర్వాతి గ్రేడ్‌లో పాతది కలవదు. చివరికి ల్యాబ్‌లో చిక్కదనం చూస్తారు. 20డబ్ల్యూ-40 అని రాసిన డబ్బాలో నూనె 100 డిగ్రీల వేడి దగ్గర 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్స్ మధ్య ఉండాలి. లేకపోతే ఆ పేరు పెట్టడానికి వీల్లేదు.

ఇంత లెక్క ఉన్న నూనె గ్యారేజీ మెట్టు ఎక్కేసరికి లెక్క తప్పుతోంది. తెలంగాణలో రిఫైనరీ లేదు. చెన్నై, ముంబై వైపు నుంచి డబ్బాలు, డ్రమ్ములు చాలా చేతులు మారి ఇక్కడికి చేరతాయి. డ్రమ్ము మూత తెరిచి లూజుగా అమ్మితే ప్లాంటులో కంప్యూటర్ పెట్టిన కొలతకు విలువేముంది? వాడేసిన ఆయిల్‌ను పైపైన వడగట్టి, రంగు తేల్చి, పాత డబ్బాల్లో నింపి అమ్మే దందా కూడా ఉంది. చూడ్డానికి కొత్తదానిలాగే ఉంటుంది. అందులో అడిటివ్‌లు ఎప్పుడో చచ్చిపోయి ఉంటాయి.

ఒరిజినల్ అయినా తప్పు రకం పోస్తే నష్టమే. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 బండ్లే అమ్ముతున్నారు. వీటిలో డీజిల్ బండ్లకు పొగ గొట్టంలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. బూడిద తక్కువ మిగిల్చే ఆయిలే దానికి పోయాలి. పాత లారీకి పోసే ఆయిల్‌నే కొత్త క్యారవాన్‌కూ పోస్తే ఫిల్టర్ మూసుకుపోతుంది, దాని రిపేరు ఖర్చు మామూలుగా ఉండదు. బైక్‌లదీ ఇదే కథ. చాలా బైక్‌లలో క్లచ్ ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటుంది. కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారవచ్చు. అందుకే డబ్బాపై ‘జాసో ఎంఏ’ ఉందో లేదో చూడాలి. ధర చూసి కొనేవాళ్లే గానీ ఈ అక్షరాలు చదివేవాళ్లు ఎంతమంది?

వాడేసిన ఆయిల్ సంగతి కూడా తేలాలి. కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారుచేసే, దిగుమతి చేసే కంపెనీలే దాని రీసైక్లింగ్ బాధ్యత మోయాలి. లక్ష్యం 2024-25లో 5 శాతంతో మొదలై, ఏటేటా పెరుగుతూ 50 శాతానికి చేరాలి. రిజిస్టర్ అయిన రీసైక్లర్ల నుంచి కంపెనీలు సర్టిఫికెట్లు కొని లెక్క చూపించాలి. కాగితం మీద బాగానే ఉంది. కానీ సందులోని చిన్న గ్యారేజీకి వచ్చే కబాడీవాలా ఆ ఆయిల్‌ను రిజిస్టర్ అయిన రీసైక్లర్‌కే ఇస్తున్నాడా, లేక మళ్లీ డబ్బాలో నింపేవాడికా? ఈ ప్రశ్నకు జవాబు దొరకనంత కాలం కంపెనీలు సర్టిఫికెట్లు చూపిస్తూనే ఉంటాయి, గ్యారేజీకి నకిలీ వస్తూనే ఉంటుంది.

ఇందులో ఆరోగ్యం గురించి మాట్లాడేవాళ్లు మరీ తక్కువ. శుద్ధి చేయని, అరకొరగా శుద్ధి చేసిన మినరల్ ఆయిల్స్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం మనుషులకు క్యాన్సర్ తెచ్చే పదార్థాల్లో చేర్చింది. వాడేసిన ఇంజిన్ ఆయిల్‌లో కాలిన మసి, అరిగిన లోహాలు కూడా కలుస్తాయి. గ్లౌజులు లేకుండా అందులో చేతులు ముంచే చోటూలు, తర్వాత పెట్రోల్‌తో చేతులు కడుక్కునే కుర్రాళ్లు ఏ గ్యారేజీలో చూసినా కనిపిస్తారు. గ్లౌజులకు, సబ్బుకు అయ్యే ఖర్చు ఒక లీటర్ ఆయిల్ ధరకు కూడా రాదు. అది ఉస్తాద్ చేతిలో ఉన్న పనే.

డ్రైవర్ చేతిలో ఉన్న పని ఇంకా చిన్నది. బండి మాన్యువల్‌లో రాసిన గ్రేడ్ చూసుకోవాలి, సీల్ డబ్బా కళ్ల ముందే తెరిపించాలి, బిల్లు తీసుకోవాలి. ఆయిల్ పోశాక ఖాళీ డబ్బాకు కత్తితో గాటు పెట్టాలి. నకిలీ నింపేవాడికి కావాల్సింది ఆ డబ్బానే.