తొమ్మిదో ప్రశ్న నేను అడగలేదు



పోస్ట్ కొంచెం పెద్దగా ఉంది, ఓపికగా చదవండి. ఇందులో నేను చేసిన తప్పు ఒకటి ఉంది. చెప్పాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించిన. ప్రాజెక్టుల టైమ్ వచ్చింది కాబట్టి చెప్తున్న.

నాది డిగ్రీ ఆరో సెమిస్టర్, సైకాలజీ ఒక సబ్జెక్ట్. మా ఇంట్లో కాలేజీకి వచ్చిన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు హాస్టల్లో ఏ రూముకు పోయినా ప్రాజెక్ట్ ముచ్చటే. జిరాక్స్ సెంటర్లో రెడీమేడ్‌గా దొరుకుతయి. మొదటి పేజీలో మన పేరు, గైడ్ పేరు మార్చి బైండింగ్ చేసి ఇస్తరు. "ఎవరు చదువుతరే, గైడ్ సంతకం పడితే అయిపోయె" అంటరు. నిరుడు అయితే నేను కూడా అదే మాట అనేదాన్ని.

నిరుడు ఎండాకాలం సెలవుల్లో ఒక సీనియర్ అక్క ఫోన్ చేసింది. క్లినికల్ సైకాలజీలో పీజీ రెండో సంవత్సరం. భద్రాచలం దిక్కు కోయ బిడ్డ. కోయ, గోండి దగ్గరి భాషలే గానీ మన ఆదిలాబాద్ గోండి ఆమె మాట్లాడలేదు. మన గూడేల ఆడవాళ్లలో కుంగుబాటు ఎట్లుంది అనేది ఆమె ప్రాజెక్ట్. "నువ్వు వచ్చి గోండిలో అడుగు చెల్లె, నేను రాసుకుంట" అన్నది. సరే అన్న.

కాగితాలు పట్టుకొని ఊర్లోకి పోవుడే ప్రాజెక్ట్ అనుకున్న. కానీ అక్క అప్పటికే నెలల తరబడి తిరుగుతున్నది. ఏం అడుగుతవు, ఎవరిని అడుగుతవు, వాళ్లకు దాంతో నష్టం వస్తే ఏం చేస్తవు అని రాసి ఎథిక్స్ కమిటీ ముందు పెట్టింది. ఐసీఎంఆర్ 2017లో తెచ్చిన నియమాల్లో ఆదివాసీల గురించి ప్రత్యేకంగా ఉన్నదట. ఊరి పెద్ద ఒప్పుకున్నా సరే, ఎవరి ఒప్పుదల వాళ్ల దగ్గర విడిగా తీసుకోవాలె. చదువు రానివాళ్లు వేలిముద్ర వేస్తే పక్కన సాక్షి ఉండాలె. మా ఊరికి ఇంతకుముందు ఎన్ని సర్వేలు వచ్చినయో లెక్క లేదు, "నీకు ఇష్టం లేకపోతే చెప్పకు అవ్వా" అన్నోళ్లను నేనైతే చూడలేదు.

ప్రశ్నలు పీహెచ్‌క్యూ-9 అనే ఫారంవి. తొమ్మిది ప్రశ్నలు, గడిచిన రెండు వారాల సంగతి అడుగుతయి. ఒక్కోదానికి 0 నుంచి 3 వరకు మార్కులు, మొత్తం 27. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ఇంకా వివరంగా చూడాలె అని అర్థం, జబ్బు ఉన్నట్టు తేలిపోయింది అని కాదు. తెలుగు ఫారం ఉన్నది, గోండిది మాకు దొరకలేదు. నేను గోండిలోకి మార్చిన. అక్క గైడ్ మేడం దాన్ని ఇంకో గోండి అబ్బాయికి ఇచ్చి, అసలు ఫారం చూపించకుండా మళ్లీ తెలుగులోకి మార్పించింది. "ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం" అనేది తిరిగి "బద్ధకం" అని వచ్చింది! రెండుసార్లు వాపస్ పంపింది మేడం. అక్క ఏడ్చింది కూడా. "ఇంక నాతోని కాదు, ఆపేస్త" అన్నది. మూడోసారికి సరిపోయింది.

తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండు అని గానీ, తనను తాను ఏమన్నా చేసుకోవాలె అని గానీ అనిపించిందా అని. మొదటి ఇంట్లో కూర్చున్నది మా అమ్మకన్నా పెద్దావిడ. నాకు చాయ్ పోసి ఇచ్చింది. ఆమెను ఈ మాట ఎట్ల అడగాలె? నా నోరు రాలేదు. "పానం బాగుంటున్నదా?" అని గోండిలో అడిగిన. "బాగనే ఉంది బిడ్డా" అన్నది. అక్కకు "లేదంట" అని చెప్పిన. ఆమె సున్నా రాసింది. ఆ తర్వాత ప్రతి ఇంట్లో అదే చేసిన.

పదిహేడు ఫారాలు అయినంక అక్క వాటిని గైడ్‌కు చూపించింది. మేడం అన్నీ తిరగేసి ఒకటే అడిగిందట. "నిద్ర పట్టదు, తిండి సహించదు అని ఇంతమంది చెప్పిండ్రు. తొమ్మిదోది మాత్రం పదిహేడు మందికీ సున్నానే. అసలు అడిగిండ్రా?"

అక్క నాకు ఫోన్ చేస్తే నిజం చెప్పేసిన. తిడుతది అనుకున్న. తిట్టలేదు. మేడం నాతోనే మాట్లాడింది. అడిగినందుకు ఆ ఆలోచన పుట్టదు, లోపల ఉన్నోళ్లకు చెప్పుకునే దారి దొరుకుతది అని చెప్పింది. అడిగే తీరు నేర్పింది. జరిగిన తప్పు దాచొద్దు, రిపోర్టులో ఉన్నది ఉన్నట్టు రాయి అని అక్కకు చెప్పింది.

మళ్లీ పదిహేడు ఇండ్లకు పోయినం. ఈసారి ఒకరు వెంటనే జవాబు చెప్పలేదు. చాలాసేపటికి "అవును" అన్నది. ఎవరో, ఏ ఊరో రాయను, గుర్తుపట్టే వివరం ఒక్కటి కూడా ఇయ్యను. ఆమెను అడిగి, ఆమె సరే అన్నంకనే ఈ మాత్రం రాస్తున్న. అట్ల ఎవరన్నా చెప్తే ఏం చేయాలె, ఎవరికి ఫోన్ చేయాలె, ఏ ఆస్పత్రికి తీసుకపోవాలె అని ముందే రాసిపెట్టి ఉన్నది. ఆ రోజు మిగతా ఇండ్లు ఆపేసినం. మేడం ఫోన్‌లోనే ఉన్నది. రెండు రోజులకు డాక్టర్ దగ్గరికి పోయినం. ఇప్పుడు మందులు వాడుతున్నది, పొలం పనికి పోతున్నది.

నా సిగ్గు కోసం నేను వేయించిన సున్నా అట్లనే ఉండిపోయి ఉంటే? ఈ మాట రాత్రులు గుర్తొస్తది.

అందుకే చెప్తున్న. గైడ్ అంటే సంతకం కాదు, మన తప్పును మనకన్నా ముందు చూసే మనిషి. పైసలు పెట్టి కొన్న ప్రాజెక్టులో తప్పు చూసేటోళ్లు ఉండరు. రేపు మనం నర్సులమో, టీచర్లమో, సైకాలజిస్టులమో అయి మనోళ్ల ముందే కూర్చుంటం. అడగడం ఇప్పుడు నేర్చుకోకపోతే అప్పుడు ఎవరి మీద నేర్చుకుంటం?

కష్టం లేదని అనను. బస్ చార్జీలు, జిరాక్సులు, ఇంగ్లీష్‌లో రాసుడు, గైడ్ కోసం గంటలు గంటలు నిలబడుడు, అన్నీ ఉంటయి. కొందరు గైడ్లు పేజీ తిప్పకుండానే సంతకం పెడతరు, అదీ నిజమే. అట్లయితే మనమే అడగాలె, "మేడం, ఇందులో తప్పేముందో చెప్పండి" అని. పెద్ద టాపిక్ వద్దు. మీ హాస్టల్లో కొత్తగా వచ్చిన పిల్లలకు నిద్ర ఎట్ల పడుతున్నదో చూసినా ప్రాజెక్టే. ముందు తెలుగులో రాసుకోండి, ఇంగ్లీష్ తర్వాత చూసుకోవచ్చు. ఐటీడీఏను కూడా అడుగుదాం, ఫీల్డుకు పోయే మన విద్యార్థులకు చార్జీలన్నా ఇయ్యమని.

2015-16లో నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. తెలంగాణ లేదు, ఆంధ్ర కూడా లేదు. మన బాధ ఎవరి లెక్కలోనన్నా ఉండాలంటే, మన భాషలో అడిగేటోళ్లు మనలోంచే రావాలె. క్లినికల్ సైకాలజీకి పోదామనుకునేటోళ్లు ఒకటి గుర్తుంచుకోండి. క్లినికల్ సైకాలజిస్ట్‌గా పనిచేయాలంటే ఆర్‌సీఐ రిజిస్ట్రేషన్ ఉండాలె, ప్రతి ఎంఏ దానికి సరిపోదు. చేరకముందే ఆ కోర్సుకు ఆర్‌సీఐ గుర్తింపు ఉన్నదా అని చూసుకోండి.

అక్క వైవా అయినంక మళ్లీ ఊరికి వచ్చింది. ఏం తేలిందో రెండు పేజీలు తెలుగులో రాసుకొచ్చింది, పేర్లు లేకుండా. చెట్టు కింద అందరు కూర్చుంటే నేను గోండిలో చెప్పిన. అంతా విని ఒక అవ్వ అడిగింది, "మంచిదే బిడ్డా. మరి మా మాట అర్థమయ్యే డాక్టర్ ఎప్పుడొస్తడు?"

అక్క నా దిక్కు చూసింది. పీజీ ఎంట్రన్స్‌కు అప్లికేషన్ పెడుతున్న.

ఎవరికన్నా మనసు బాగలేకపోతే టెలీ మానస్ నంబర్ 14416 ఉన్నది. పైసలు పడవు, ఇరవై నాలుగు గంటలు తెలుగులో మాట్లాడొచ్చు. హాస్టల్ గోడ మీద రాసిపెట్టండి.

జై సేవా.