రాజీ వాళ్లది, నష్టం స్త్రీలది

2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కుకు రాజ్యాంగ రక్షణ లేదని తీర్పు చెప్పింది. 1973 నుంచి ఉన్న హక్కు ఒక్క రోజులో పోయిందని మనమంతా బాధపడ్డాం. కానీ అది నిజంగా ఒక్క రోజులో పోయిందా? నా దృష్టి పదే పదే 2005 మే 23 మీదికి పోతుంది.

ఆనాడు సెనేట్‌లో రిపబ్లికన్లు 55 మంది. నూరుమంది సభ్యుల ఆ సభలో చర్చ ముగించాలంటే 60 ఓట్లు కావాలి. ఈ నియమం ఆసరాతో డెమోక్రాట్లు అధ్యక్షుడు బుష్ ప్రతిపాదించిన కొందరు జడ్జీల నియామకాన్ని అడ్డుకున్నారు. అధికార పక్షం ఆ నియమాన్నే రద్దు చేస్తామని బెదిరించింది. అప్పుడు రెండు పార్టీల నుంచీ ఏడుగురేసి, మొత్తం పద్నాలుగు మంది కూర్చుని రాజీ కుదుర్చుకున్నారు. నియమం బతికింది. దానికి బదులుగా ముగ్గురు వివాదాస్పద అభ్యర్థులకు దారి వదిలారు. ఇకపై 'అసాధారణ పరిస్థితుల్లో' తప్ప అడ్డుకోబోమని మాట ఇచ్చారు.

ఎవరా ముగ్గురు? ఒకరు, గర్భస్రావ హక్కునిచ్చిన తీర్పును రాజ్యాంగ చరిత్రలోనే అతి హేయమైనదని బాహాటంగా అన్న విలియం ప్రయర్. మిగిలిన ఇద్దరూ స్త్రీలే. వారిలో ఒకరు నల్లజాతి స్త్రీ. రాజీ కుదిర్చిన పద్నాలుగు మందిలోనూ ముగ్గురు స్త్రీలున్నారు. కుర్చీలో స్త్రీ కూర్చున్నంత మాత్రాన స్త్రీల పక్షం వచ్చేసినట్టు కాదని ఇంకెన్నిసార్లు నేర్చుకోవాలి!

ఈ రాజీతో 'మైనారిటీ హక్కులు' నిలిచాయని చాలామంది మెచ్చుకున్నారు. నా కోపమంతా ఈ మాట మీదే. ఏ మైనారిటీ? సభలో ఓట్లు తక్కువైన పార్టీనా, సమాజంలో బలం లేని మనుషులా? 1957లో నల్లజాతివారి పౌరహక్కుల బిల్లును ఆపటానికి ఒక సెనేటర్ 24 గంటలకు పైగా ఏకధాటిగా మాట్లాడిందీ ఈ 'మైనారిటీ హక్కు' అండతోనే. కాబట్టి ఆ నియమం పోయిందని నేను కన్నీరు కార్చను. ఆ ఆయుధాన్ని మన కోసం వాడవలసిన రోజున వాడకుండా, అలమరలో భద్రంగా దాచుకోవటమే నాకు మింగుడు పడదు.

2006 జనవరిలో శామ్యూల్ అలిటో సుప్రీంకోర్టుకు వచ్చాడు. చర్చ ముగించవద్దని ఓటేసింది 25 మందే. 2022 తీర్పు రాసింది ఆయనే. అంత చేసి కాపాడుకున్న నియమమైనా మిగిలిందా? కింది కోర్టుల నియామకాలకు దాన్ని 2013లో డెమోక్రాట్లు తీసేశారు. సుప్రీంకోర్టుకు 2017లో రిపబ్లికన్లు తీసేశారు. పదవిలోకి వచ్చిన జడ్జీలు మాత్రం జీవితకాలం ఉంటారు.

ఇది ఎక్కడో జరిగిన కథ అనుకోవద్దు. 1985లో షాబానోకు భరణం ఇవ్వాలని మన సుప్రీంకోర్టు చెప్పింది. 1986లో పార్లమెంటు చట్టం చేసి ఆ తీర్పును నీరుగార్చింది. అక్కడా వినిపించింది మైనారిటీ హక్కుల మాటే. మతపెద్దలతో మాట్లాడారు. భర్త వదిలేసిన ముస్లిం స్త్రీని అడిగినవారు లేరు. ఇంకోవైపు మెజారిటీ మతవాదులు ఆమె బాధను తమ రాజకీయానికి వాడుకున్నారు. ఆమె ఇద్దరికీ సాకే అయింది.

రాజీలే వద్దని నేననను. ఉద్యమాల్లో ఉన్న మనం ఎన్నో రాజీలు చేసుకున్నాం. కానీ మన వాటా మనమే వదులుకోవటం వేరు, ఎదుటివాళ్ల వాటాను మనం వదిలేయటం వేరు. బిల్లులో ఒక క్లాజు మారినా, ఒక జడ్జి నియామకం జరిగినా ఆ వార్తను వకీళ్లకు వదిలేయకుండా మన సంఘాల సమావేశాల్లో చదువుదాం. దేన్ని వదులుకున్నారు, అది ఎవరిది, వాళ్లను అడిగారా అని ఆ రోజే నిలదీద్దాం. తీర్పు వచ్చాక వీధుల్లోకి వస్తే అప్పటికే పదిహేడేళ్లు ఆలస్యమై ఉండొచ్చు.