43 అడుగుల కబురు తెచ్చేదెవరు?

మృగశిర వచ్చింది. చర్ల, దుమ్ముగూడెం, అశ్వాపురం, బూర్గంపాడు ఒడ్డు పొలాల్లో పత్తి గింజలు పెడుతున్నాం. నెల తిరిగేసరికి అందరి చెవులూ ఒక్క అంకె మీదే ఉంటాయి. భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మొదటి కబురు అందగానే ఏటి ఒడ్డున ఉన్న మోటారు, స్టార్టరు విప్పి మెరకకు చేరుస్తాం, గొడ్లను తోలుకెళతాం. కబురు నాలుగు గంటలు ముందొస్తే మోటారు దక్కుతుంది. ఆలస్యమైతే అప్పు చేసి కొన్నది ఏటి పాలవుతుంది.

ఆ అంకె దానంతట అది ఫోన్లోకి రాదు. వరద రోజుల్లో గంటగంటకూ, అర్ధరాత్రి వానలోనైనా, గేజి చదివి పైకి చెప్పే మనిషి ఒకరుంటారు. దాన్ని ఊళ్లోకి తెచ్చి తలుపు తట్టే మనిషి ఇంకొకరు. మన ఊళ్లలో ఆ రెండో మనిషి చాలాకాలం వీఆర్ఏ. అంతకు ముందు నీరడి, మస్కూరి.

2022 జూలై 16న గోదావరి ఇక్కడ 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టు నాటి 75.6 అడుగుల తర్వాత అంత నీరు మళ్లీ అప్పుడే చూశాం. వంతెన మీద రాకపోకలు ఆగిపోయాయి. ఆ రాత్రుల్లో ముసలివాళ్లను, బాలింతలను మెరకకు చేర్చమని గడపగడపకూ తిరిగినవాళ్లలో వీఆర్ఏలు ముందున్నారు. అప్పటికి వాళ్ల చేతికి వచ్చేది నెలకు 10,500 రూపాయలు. సరిగ్గా తొమ్మిది రోజులకు, జూలై 25న, పేస్కేలు కోసం సమ్మెకు దిగారు. 80 రోజులు టెంట్లలో కూర్చోవలసి వచ్చింది. ఇదీ మన రాష్ట్రం కృతజ్ఞత!

2023లో 20,555 మందిని క్రమబద్ధీకరించి వేరే శాఖల్లో సర్దారు. వాళ్లకు స్కేలు రావడం న్యాయమే, సంతోషించాం. కానీ వీఆర్వో వ్యవస్థను 2020లోనే రద్దు చేశారు, ఇప్పుడు వీఆర్ఏ కూడా వెళ్లిపోయాడు. 2025లో గ్రామ పాలన అధికారులను నియమించారు, మంచిదే. అయితే రికార్డు చూసే అధికారి వేరు, వాగు పొంగితే రాత్రి రెండింటికి లేచి చూసొచ్చే మనిషి వేరు. కట్ట మీద మనిషి విలువేమిటో 2024 జూలైలో పెద్దవాగు కట్ట తెగినప్పుడు అశ్వారావుపేట రైతులకు బాగా తెలిసొచ్చింది.

అదే ఏడాది సెప్టెంబరు 1న ఖమ్మంలో మున్నేరు వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని ఎక్కడో హర్యానా నుంచి పొట్టకూటికి వచ్చిన జేసీబీ డ్రైవరు తీసుకొచ్చాడు. లోకమంతా మెచ్చుకుంది, మెచ్చుకోవలసిందే. కానీ వీడియోకు ఎక్కనివాళ్ల మాటేమిటి? వానలో స్తంభమెక్కే లైన్‌మన్, అడవి అంచు గూడేలకు జ్వరం మందులు మోసుకుపోయే ఆశా కార్యకర్త... 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశంలోని ఆశాలందరికీ పురస్కారం ప్రకటించింది. 18 వేల స్థిర వేతనం మాత్రం వాళ్లు ఇంకా అడుగుతూనే ఉన్నారు.

ఒకప్పుడు కల్లంలో ఇంటికి గింజ తీసుకుపోక ముందే నీరడికి మేర కొలిచేవాళ్లం. అందులో వెట్టి కూడా కలిసి ఉండేది, ఆ రోజులు మళ్లీ రావాలని ఎవరూ కోరడం లేదు. కానీ పంట కాపాడినవాడికి పంటలో వాటా ఉందన్న లెక్క మాత్రం సరైనదే. ఈ కాలంలో ఆ వాటా దయాదాక్షిణ్యం కాకుండా జీతంగా, బీమాగా అందాలి. శాలువా కప్పి ఫొటో దిగితే అది తీరదు.

అందుకే ఈ నెల మండల కమిటీ సమావేశాల్లో ఒక తీర్మానం పెడుతున్నాం. ఏటి ఒడ్డు, వాగు ఒడ్డు ఊరు ప్రతిదానికీ వరద రోజులకు ఇద్దరేసి కాపలాదారులను కూలి ఇచ్చి పెట్టాలి. వాళ్లకు లైఫ్ జాకెట్, టార్చిలైటు, ప్రమాద బీమా ఇవ్వాలి. ఆశాలు, విద్యుత్ కార్మికులు టెంటు వేస్తే మన సంఘం జెండా అక్కడ ఉండాలి. టెంటుకు బియ్యం కూడా మనం పంపుదాం. తహసీల్దార్లకు జూలై మొదటి వారంలోగా వినతిపత్రాలు అందాలి. సమావేశానికి వచ్చేటప్పుడు 2022 జూలైలో మీ తలుపు తట్టింది ఎవరో కనుక్కుని, వీలైతే వాళ్లనూ వెంటబెట్టుకు రండి. కాపలాదారుకు ఏమేం కావాలో మనకన్నా వాళ్లకే బాగా తెలుసు.