కాలిపోని బోర్డు కావాలి

తక్కువ ఖర్చులో మనమే ఒక మైక్రోకంట్రోలర్ బోర్డు చేయించుకుంటే అందులో ఏమేం ఉండాలని మా సైన్స్ క్లబ్బులో సార్ అడిగారు. నల్లబల్ల నిండిపోయింది. వైఫై, బ్లూటూత్, చిన్న తెర, మెమరీ కార్డు, కెమెరా! నేనొక్కదాన్నే లేచి "ఇవేవీ వద్దు సార్" అన్నాను. అందరూ నవ్వారు. ఆ రోజు సరిగ్గా చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

తొమ్మిదో తరగతిలో, పండక్కి మామయ్య ఇచ్చిన డబ్బులు దాచుకుని, అన్నయ్యతో కాటన్‌పేట నుంచి ఎస్.పి. రోడ్డుకు నడిచి వెళ్ళి ఒక బోర్డు కొన్నాను. రెండో రోజే చిన్న మోటారు వైరు తిన్నగా పిన్నుకు కలిపాను. అంతే, బోర్డు పలకడం మానేసింది. తప్పు నాదే. కానీ నేర్చుకునేవాళ్ళు తప్పు చేయక ఇంకెవరు చేస్తారు? మళ్ళీ అమ్మను డబ్బులడగడానికి నోరు రాలేదు.

అందుకే నా మొదటి కోరిక రక్షణ. ప్రతి పిన్నుకూ 220 ఓముల రెసిస్టర్ పెడదాం. పదో తరగతి ఓమ్ సూత్రమే చూడండి: 5 వోల్టులను 220తో భాగిస్తే సుమారు 23 మిల్లీ ఆంపియర్లు. ఆర్డుయినో ఊనోలోని ఏటీమెగా 328పీ చిప్పులో ఒక పిన్ను గరిష్ఠ హద్దు 40. పొరపాటున వైరు తగిలినా పిన్ను బతుకుతుంది. యూఎస్‌బీ దగ్గర, చల్లారాక తిరిగి పనిచేసే ఫ్యూజు ఒకటి ఉంటే సార్ ల్యాప్‌టాప్ కూడా క్షేమం.

రెండోది, చిప్పు సాకెట్లో ఉండాలి. 28 కాళ్ళ చిప్పు కాలితే ఊడదీసి కొత్తది గుచ్చుకోవచ్చు. బూట్‌లోడర్ ఇంకో బోర్డుతో ఎక్కించుకోవచ్చు. అతికించేసిన చిప్పయితే బోర్డంతా చెత్తబుట్టకే.

మూడోది, పిన్నుల వరసలు బ్రెడ్‌బోర్డులో సరిగ్గా దిగాలి. ఊనోలో 7, 8 పిన్నుల మధ్య ఎడం మిగతావాటిలా 0.1 అంగుళం కాదు, 0.16. అందుకే మామూలు చిల్లుల బోర్డు దానిమీద కూర్చోదు. అదే తప్పు మనమూ చేయాలా?

"ఈఎస్‌పీ32 కొంటే వైఫై కూడా వస్తుంది కదా" అని సీనియర్ అన్న వాదించారు. మంచి చిప్పే. కానీ అది 3.3 వోల్టులది. మన ల్యాబులోని హెచ్‌సీ-ఎస్‌ఆర్04 దూరం సెన్సర్ 5 వోల్టుల సంకేతం పంపుతుంది. మధ్యలో రెండు రెసిస్టర్లు పెట్టడం మరిస్తే చిప్పుకే ముప్పు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టే! అయినా మాలో ఎంతమందికి ఇంట్లో వైఫై ఉంది?

"32 కేబీ మెమరీ ఏం సరిపోతుంది?" అని కూడా అన్నారు. నీళ్ళ ట్యాంకు అలారానికి, ట్రాఫిక్ లైటుకు అది చాలు. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో ఆర్డుయినో మొదలైంది కూడా ఇంజినీర్ల కోసం కాదు, డిజైన్ చదివే విద్యార్థుల కోసం.

ఎగ్జిబిషన్‌లో చూపించుకోవడానికయితే తెర, కెమెరా పెట్టుకోండి. నేర్చుకోవడానికయితే మాత్రం తప్పు చేసినా మళ్ళీ వెలిగే బోర్డు కావాలి. పెట్టెలో మూలపడ్డ నా బోర్డు సాక్షిగా చెబుతున్నాను: వచ్చే సమావేశంలో కూడా లేచి ఇదే అడుగుతాను. ఈసారి నవ్వేముందు లెక్క చూడండి.