మీవారు పంపించారా?

మే నెలలో హర్ కీ దూన్ ట్రెక్‌కి వెళ్లొచ్చాను. వచ్చి పదిహేను రోజులైంది. కొండలు ఎలా ఉన్నాయని అడిగినవాళ్లు ఇద్దరే ఇద్దరు. "మీవారు పంపించారా?" అని అడిగినవాళ్లని మాత్రం లెక్కపెట్టడం మానేశాను.

తెలుగు బి.ఏ. చదివిన దాన్ని కదా, మాట దగ్గర ఆగిపోతాను. పిల్లల్ని బడికి పంపిస్తాం. కొరియర్ పంపిస్తాం. నలభై నాలుగేళ్ల మనిషిని పంపించడమేమిటండీ? మావారు ఏటా స్నేహితులతో ఎక్కడికో అక్కడికి వెళ్తారు. "మీ ఆవిడ పంపించిందా?" అని ఆయన్నీ అడుగుతారు, కాదనను. కానీ అది జోకు. నన్ను అడిగేది నిజం ప్రశ్న.

ఇంతకీ నేనేం చెప్పానో తెలుసా? "ఆఁ, ఆయనే పంపించారు" అన్నాను, అదీ గొప్పగా! లిఫ్టులో పక్కనే ఉన్న మా అమ్మాయి ఇంట్లోకి రాగానే అడిగింది: "అదేంటమ్మా, చీటీ డబ్బులతో టికెట్ కొనుక్కుంది నువ్వే కదా?" నా దగ్గర జవాబు లేదు. ఈ పోస్టు ఆ జవాబే.

డెహ్రాడూన్ నుంచి సాంక్రీ దాకా రోజంతా జీపు ప్రయాణం. తాలూకా అనే ఊరు దాటాక సుపిన్ నది పక్కనే నడక. ఈ నది నైత్వార్ దగ్గర రుపిన్‌తో కలిసి టోన్స్ అవుతుంది, ఆ టోన్స్ వెళ్లి యమునలో కలుస్తుంది. దారిలో గంగాడ్, ఓస్లా అనే ఊళ్లు, చెక్క ఇళ్లు. చివరికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున హర్ కీ దూన్ లోయ.

ఓస్లా దగ్గర ఆడవాళ్లు వీపు మీద గడ్డిమోపులతో మమ్మల్ని దాటుకుని వెళ్లిపోయారు. నేను రెండు కర్రలు పట్టుకుని ఆయాసపడుతున్న దారి అది. వాళ్లని ఎవరు పంపించారని ఎవరూ అడగరు. మనల్నీ అంతే. నెత్తిన బిందె, చేతిలో సంచీ, చంకలో పిల్ల ఉంటే ఎంత దూరమైనా నడవచ్చు. ఊరికే నడుస్తానంటేనే అనుమతి కావాలి.

మా గుంపులో పదకొండు మందిమి. రోజూ చివర నేనే. ముందు ఒక గైడు, అందరికన్నా వెనక ఇంకో గైడు. వెనకున్న అబ్బాయి నన్ను దాటి ఒక్క అడుగు వేయలేదు. ముందు వెళ్లినవాళ్లు కూడా మలుపు మలుపుకీ ఆగి, నేను వచ్చాకే కదిలేవారు.

ఆ లోయలోంచి స్వర్గారోహిణి కనిపిస్తుంది. పాండవులు స్వర్గానికి వెళ్లిన దారి అదేనని అక్కడివాళ్ల నమ్మకం. మహాప్రస్థానిక పర్వం కాలేజీలో మార్కుల కోసం చదివాను. అక్కడ నిలబడితే వేరేగా గుర్తొచ్చింది. ముందుగా పడిపోయింది ద్రౌపది. ధర్మరాజు ఆగలేదు. ఎందుకు పడిందని భీముడు అడిగితే, ఆమెకి అర్జునుడంటే పక్షపాతమని కారణం చెప్పి ముందుకి నడిచాడు.

మన ఇళ్లలోనూ అంతే కదండీ. అందరికన్నా చివర తిని, చివర పడుకున్న మనిషి ఒకరోజు మోకాళ్లు పట్టేసి కూలబడితే, "తన ఆరోగ్యం తను చూసుకోదు" అని కారణం చెబుతారు. ఆగేది ఎవరు?

తప్పంతా ఇంట్లోవాళ్లదే అనను. వెళ్లేముందు నేను కందిపొడి, కరివేపాకు కారం, రెండు రకాల పచ్చళ్లు చేసి, ఫ్రిజ్ మీద రోజువారీ చీటీ అంటించి మరీ వెళ్లాను. తిరిగొచ్చి చూస్తే పొడుల సీసాలు నిండుగానే ఉన్నాయి. తండ్రీకూతుళ్లు పప్పుచారు పెట్టుకుని హాయిగా తిన్నారట. నిజం చెప్పనా? సంతోషం కాదు, చివుక్కుమంది. నేను లేకపోతే ఇల్లు ఆగిపోవాలని నాకే ఎక్కడో కోరిక. మనల్ని కట్టేసిన తాడు రెండో కొస మన చేతిలోనే ఉంది.

"కొండల్లో ఏదైనా అయితే?" అంటారు. మంచి ప్రశ్నే. ఎత్తుకి వెళ్తే తలనొప్పి, వాంతులు, ఒక్కోసారి ప్రాణం మీదకి కూడా వస్తుంది. అందుకే డాక్టరుకి చూపించుకున్నాను, మూడు నెలలు రోజూ మెట్లెక్కి దిగాను. నన్ను అడగాలంటే ఇవి అడగండి. మోకాళ్లెలా ఉన్నాయి, ఊపిరి అందిందా, డబ్బెలా కూడబెట్టావు అని.

ఇంట్లో చెప్పకుండా వెళ్లమని నేననడం లేదు. మావారు ఎక్కడికెళ్లినా నాకు చెప్పి వెళ్తారు, అడిగి వెళ్లరు. నేనూ అంతే. నిన్న లిఫ్టులో మళ్లీ ఒకావిడ అడిగారు. పక్కన మా అమ్మాయి ఉంది.

"లేదండీ," అన్నాను. "చెప్పి, నేనే వెళ్లాను."