బండి మీద పేరెవరిది?

కొత్త బండి కొన్న మగవాడికి వారం రోజులపాటు చేతులు వూరుకోవు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం, అన్నవరం తీసుకెళ్ళి పూజ చేయించడం, బంధువులందర్నీ ఓసారి ఎక్కించి తిప్పడం అయిపోయాక, ఇంకేం చెయ్యాలా అని బండి చుట్టూ ప్రదక్షిణాలు చేస్తూ వుంటాడు. లేనిపోని ఆలోచనలన్నీ ఆ ప్రదక్షిణాల్లోనే వస్తాయి.

కడియపులంకలో మొక్కల నర్సరీ వున్న మా మేనల్లుడికి వచ్చిన ఆలోచనా అలాంటిదే. మొక్కలు వేసుకెళ్ళడానికి వెనక తొట్టి వున్న చిన్న ట్రక్కు కొన్నాడు. ముందువైపు కంపెనీవారి ముద్ర, వెనకతలుపు మీద మూరెడు పొడుగున కంపెనీ పేరు. "అత్తా! లక్షలు పోసి కొన్నాను. వాడి పేరు నేనెందుకు మొయ్యాలి చెప్పు? ఊరూరా తిరిగి వాడికి ప్రచారం చేస్తున్నందుకు వాడు నాకేమన్నా అద్దె ఇస్తున్నాడా? పీకి పారేద్దామనుకుంటున్నాను" అన్నాడు. పక్కనున్న స్నేహితులు "ఆయ్, మరేనండి" అని వంత పాడారు.

వినడానికి పౌరుషంగానే వుంది. ఈ పౌరుషం మీ ఇళ్ళల్లోనూ స్కూటరు దగ్గరో కారు దగ్గరో ఎప్పుడో ఒకప్పుడు తల ఎత్తే వుంటుంది. అందుకని నా జవాబు వాడొక్కడికే చెప్పి వూరుకోకుండా మీ అందరి ఎదుటా చెబుతున్నాను. పీకకూడదు.

ముందు చిల్లర కారణాలు చెప్పేస్తాను, అవి అయిపోతే అసలు సంగతి తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ఆ ముద్ర జిగురు పట్టీతో అంటించిందైతే వేడిగాలి పెట్టి, గట్టి దారంతో కోసి తీస్తారు. తీశాక దాని కింద రంగు కొత్తగానూ, చుట్టూ రంగు ఎండకి వెలిసీ, పేరు తీసేసినా పేరు ఆకారం అలాగే కనబడుతుంది. బొట్టు చెరిపేసినా మచ్చ మిగిలినట్టు. పిన్నులతో బిగించిందైతే చిల్లులు మిగుల్తాయి. అంతర్వేది వైపూ, ఉప్పాడ వైపూ ఉప్పుగాలికి చిన్న చిల్లు చాలు, తుప్పు పట్టడానికి. కొన్ని బళ్ళకైతే అక్షరాలు రేకులోనే అచ్చు వేసి వుంటాయి, వాటిని తీయాలంటే తలుపే మార్చాలి. రేపు అమ్మకానికి పెడితే, ముద్ర లేని బండిని చూసి కొనేవాడు "దెబ్బ తిన్న బండేమో, రంగు వేయించి దాచారేమో" అని నాలుగు వేలు తగ్గించి అడుగుతాడు. పోనీ అంత కష్టపడి తీసినా కంపెనీ పేరు పోతుందా? రిజిస్ట్రేషన్ కాగితంలో తయారీదారు పేరు వుండనే వుంది. ఛాసిస్ నంబరూ, ఇంజను నంబరూ ఇనుములో కొట్టి వున్నాయి. వాటి జోలికి వెళితే పోలీసులు వస్తారు.

ఇహ అద్దె సంగతి. "నా వస్తువు మీద ఇంకొకడి పేరేమిటి" అనే మగవాళ్ళని ఒక్కసారి వంటింట్లోకి పిలవండి. స్టీలు గిన్నె తిరగేసి చూపించండి. అడుగున తయారుచేసిన కంపెనీ ముద్ర. అంచున, కొన్నప్పుడు కొట్లో చెక్కించిన మన ఇంటిపేరు. పెళ్ళికి వచ్చిన బిందె మీద పెట్టినవారి పేరు. ఒక్క గిన్నె మీద ముగ్గురు సంసారం చేస్తున్నారు. ఇన్నేళ్ళలో ఆ పేర్లు ఒకదాన్నొకటి కొట్టుకున్నట్టు నేనెరుగను. అడుగున ముద్ర వుందని ఏ ఇల్లాలూ గిన్నెని ఇసకతో తోమి అరగదీయలేదు. చేసినవాడి పేరు చేసినవాడికీ, వాడుకునేవాడి పేరు వాడుకునేవాడికీ చోటుంది.

అసలు పేరు పెట్టుకోవడమంటే ఏమిటి? మంచికీ చెడ్డకీ నేనే పూచీ అని ఒప్పుకోవడం. ఆత్రేయపురం పూతరేకులకి 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిందంటే అందరం సంతోషించాం. ఎందుకూ? బస్టాండులో అట్టపెట్టె మీద ప్రతివాడూ ఆ ఊరి పేరు అచ్చు వేసుకుంటున్నాడు, రేకు తీసిన చెయ్యి మాత్రం ఆ ఊరిది కాదు. పేరుకీ పనికీ ముడి తెగితే నష్టపోయేది కుండ బోర్లించి, సెగకి కళ్ళు మండుతూ రేకు తీసే ఆడవాళ్ళు. బండికీ అదే న్యాయం. కంపెనీలో బోల్టులు బిగించినవాళ్ళ పేర్లు ఆ ముద్రలో వున్నాయా అని మా మేనల్లుడు అడిగాడు. లేవు, అదీ అన్యాయమే. కానీ అంతమంది తరఫున బ్రేకు పట్టకపోతే అడగడానికి ఒక పేరంటూ వుంది కదా. ఆ ఒక్కటీ పీకేసి మనం సాధించేదేమిటి?

పేరు తీసే హక్కు ఎవరికీ లేదని నేననను. ఎవరికి వుందో చెబుతాను. 1954లో టాటావారి టెల్కో కంపెనీ జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో పదిహేనేళ్ళకి ఒప్పందం చేసుకుని లారీలు తయారుచేయడం మొదలుపెట్టింది. ఆ లారీల ముఖాన జర్మనీవారి మూడు కొమ్మల నక్షత్రం వుండేది. పెద్దవాళ్ళు "బెంజి లారీ" అనేవారంటే అందుకే. ఆ పదిహేనేళ్ళూ ఇక్కడివాళ్ళు పని నేర్చుకున్నారు, భాగాలు ఒక్కొక్కటే ఇక్కడే చెయ్యడం మొదలుపెట్టారు. 1969లో ఒప్పందం ముగిసింది. నక్షత్రం దిగింది, టాటా వారి అక్షరం ఎక్కింది. చూశారా, అదీ పేరు తీయడమంటే! జిగురూ దారమూ పెట్టి తీసింది కాదు, పని నేర్చి తీసింది. మా మేనల్లుడు కూడా కడియంలో ఓ ట్రక్కు తయారుచేస్తే దాని ముఖాన గులాబీ మొక్క బొమ్మ వేసుకోమనండి, నేనే వెళ్ళి హారతి ఇస్తాను.

ఇంకో ముచ్చట. మహీంద్రా కంపెనీ 1945లో పుట్టినప్పుడు దాని పేరు మహీంద్రా అండ్ మహమ్మద్. దేశం రెండయ్యాక భాగస్వామి గులాం మహమ్మద్ గారు పాకిస్తాన్ వెళ్ళి అక్కడ తొలి ఆర్థిక మంత్రి అయ్యారు, తర్వాత గవర్నర్ జనరలూ అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. వాటాదారు తప్పుకుంటే పేరు మారింది, అది సబబు. అంతేగాని జీపు కొనుక్కున్నవాడు సుత్తి పట్టుకుని వెళ్ళి మార్చలేదు.

పీకి వూరుకునేవాళ్ళు కాస్త నయం. చవక బండి ముద్ర పీకేసి ఖరీదైన బండి ముద్ర అంటించుకునేవాళ్ళూ వున్నారు. గిల్టు గాజులు వేసుకోవడంలో తప్పులేదు, బంగారమని చెప్పుకోవడంలో వుంది గాని.

సరే, ప్రచారం చెయ్యనన్న పౌరుషం నిజమే అనుకుందాం. మరి ఆ బండి మీద ఇంకేమేం రాసి వున్నాయో చూద్దాం రండి. వెనక అద్దం మీద అమ్మిన డీలరు పేరూ, ఫోను నంబరూ. వాడు చేసిందేమిటి? గుమ్మంలో నిలబెట్టి తాళం చేతికిచ్చాడు. పక్కన అప్పిచ్చిన ఫైనాన్సు కంపెనీ పేరు. వాడికి వడ్డీతో సహా కడుతున్నాం. ముందు అద్దం నిండా అభిమాన హీరోగారి బొమ్మ, ఎదురుగా వచ్చే లారీ కనబడకుండా. తొట్టి మీద "నాన్నగారి దీవెనలతో". దాని కింద ఇద్దరు కొడుకుల పేర్లు, కూతురి పేరుకి చోటు చాలలేదట. ఇంకా కింద "చూడు కానీ ఏడవకు". ఇన్నిటి మధ్య బాబుగారి కంటికి అడ్డం వచ్చింది ఇంజను చేసినవాడి పేరొక్కటే! ఏమీ చెయ్యనివాడి పేర్లన్నీ ముద్దొచ్చాయి, పనిచేసినవాడి పేరు బరువైపోయింది.

ఇది మనవాళ్ళకి పాత అలవాటేనని నా అనుమానం. గట్టు దాటి పశ్చిమానికి వెళితే నరసాపురం, పాలకొల్లు, ఆ చుట్టుపక్కల ఊళ్ళు. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీ దొరసానులు నేర్పిన లేసు అల్లికని అక్కడి ఆడవాళ్ళు తరతరాలుగా అల్లుతున్నారు. వాకిట్లో కూచుని, పొయ్యి మీద అన్నం వుడుకుతుంటే, ఒళ్ళో పిల్లని పెట్టుకుని. ఆ లేసు ఓడలెక్కి దేశదేశాలకీ వెళ్ళింది. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఇక్కడికి వచ్చి, వాళ్ళ మధ్య తిరిగి, 1982లో నరసాపురం లేసు అల్లేవాళ్ళ మీద ఒక పుస్తకమే వేశారు. ఆవిడ తేల్చి చెప్పిన మాట ఏమిటంటే, ఇంటిపనికి తోడు రోజూ గంటల తరబడి అల్లే ఈ స్త్రీలని పనివాళ్ళుగా ఎవరూ లెక్కపెట్టలేదని. అది "తీరిక వేళ కాలక్షేపం" కిందకి పోయింది. వ్యాపారం, ఎగుమతి, పేరు, డబ్బు మాత్రం ఎక్కువగా మగవాళ్ళ చేతుల్లో వున్నాయి. 2024లో నరసాపురం క్రోషే లేసుకి కూడా భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఊరి పేరు నిలబడింది, సంతోషం. అల్లిన మనిషి పేరు కుట్టిన చీటీ ఏ బల్లగుడ్డ మూలనా నాకు కనబడలేదు.

చేసినవాడి పేరు నిలబెట్టడం మనకి చేతకాక కాదు సుమండీ. 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట కట్టించిన కాటన్ దొరని ఈనాటికీ డెల్టా మరిచిపోలేదు. 1982లో పూర్తయిన కొత్త బారేజీకీ ఆయన పేరే పెట్టుకున్నాం. పెట్టవలసిందే. ఆ రాళ్ళూ మట్టీ తట్టల్తో మోసినవాళ్ళ పేర్లు మాత్రం గోదారిలో కలిసిపోయాయి.

అందుకే బండి ముద్ర పీకుతానంటే నాకు అంత చిరాకు. ఉన్నవే కొద్ది, వాటిలో ఒకటి తగ్గించడమెందుకు? చేతనైతే లేని పేరు రాయించండి.

ఏ పేరంటారా? చెబుతా. బండికి ముందు కట్టాల్సిన సొమ్ము ఎక్కడిది? మా మేనల్లుడి భార్య గాజులూ చంద్రహారం కలిసి బ్యాంకులో తాకట్టున్నాయి. పుట్టింటివాళ్ళు పెట్టినవి. "మీ బండి కదమ్మా, నువ్వేమంటావు?" అని ఆ పిల్లని అడిగాను. "నాదేముందండి అత్తయ్యగారూ, ఆయనిష్టం" అంది. చేతికి రెండు ప్లాస్టిక్ గాజులు. అది విన్నాక మొగుణ్ణి నిలదీశాను. "ఒరేయ్, వాడి పేరు మొయ్యనంటున్నావు, బాగానే వుంది. నీ బండిని మోస్తున్నది ఎవర్రా?" వాడు గమ్మున వూరుకున్నాడు. ఆ అమ్మాయి పేరు తొట్టి మీద లేదు సరే, కాగితంలోనూ లేదు. రిజిస్ట్రేషన్ వాడి ఒక్కడి పేరునే.

మా వదినగారు, అంటే ఆ కుర్రాడి తల్లి, అందుకు నా మీద కోప్పడింది. "మొగుడూ పెళ్ళాల మధ్య నీదీ నాదీ ఏమిటే, కలిసి వున్నవాళ్ళకి కాగితాలెందుకు" అంది. అంత కలిసి వుంటే రెండో పేరు రాయడానికి అంత బరువెందుకూ అని నేనన్నాను. ఆవిడ ఇప్పటికీ నాతో ముభావంగానే వుంది. వుండనివ్వండి.

పుట్టింటి బంగారం స్త్రీధనం. ఆమె సొంత ఆస్తి, మొగుడికి దానిమీద హక్కు లేదని సుప్రీం కోర్టు 1985లోనే ప్రతిభారాణి కేసులో చెప్పింది. ఇబ్బందుల్లో వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత భర్తదేనని 2024లో మళ్ళీ ఓ తీర్పులో గుర్తుచేసింది. కోర్టుకెళ్ళమని నేనెవరికీ నూరిపోయడం లేదు. ఇవ్వవలసింది ఎంతో ఓ కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టుకోమంటున్నాను, అంతే.

ఈ ముక్క చదివాక మీవారిని అడిగి బండి రిజిస్ట్రేషన్ కాగితం ఓసారి తెప్పించుకుని చూడండి. యజమాని పేరు ఎవరిదో చదవండి. దాని కిందే అప్పిచ్చిన కంపెనీ పేరు కూడా వుంటుంది. అంటే, వెనక అద్దం మీద అంటించింది గోకేసినా కాగితంలో వాడు వున్నాడన్నమాట. ఆఖరి వాయిదా కట్టినంత మాత్రాన ఆ పేరు దానంతటది పోదు. అప్పు తీరిందని వాళ్ళు సంతకం చేసి ఇచ్చే ఫారం 35 తీసుకుని రవాణా శాఖ ఆఫీసులో దాఖలు చేయించాలి. పీకాల్సిన పేరంటూ వుంటే ముందు అది. ఆ ఫారం తేవడానికి వెళ్ళే రోజునే, దారిలో బ్యాంకు దగ్గర కూడా ఆగి గాజులు విడిపించుకు రమ్మని గట్టిగా చెప్పండి.