తెల్ల కుర్చీ

కూర్చునే చోటును బట్టి మనిషి స్థాయిని కొలవడం మన సమాజంలో చాలాకాలం సాగింది. రాజుకు సింహాసనం, ఊరిపెద్దలకు రచ్చకట్ట, కూలివానికి కటిక నేల. అమరాపురం మండలంలోని హేమావతి ఒకనాటి నొలంబ పల్లవుల రాజధాని. అక్కడి సిద్ధేశ్వరుడు మానవాకృతిలో ఆసీనుడై దర్శనమిస్తాడు. ఆసీనుడయ్యే ఆ గౌరవం ఆలయానికి రాళ్లు మోసినవారికి దక్కలేదు. వింత కుర్చీలను మెచ్చుకునేటప్పుడు నాకు ఈ సంగతే గుర్తుకు వస్తుంది.

డచ్ రూపశిల్పి రీట్‌వెల్డ్ 1918లో చెక్కపలకలతో చేసిన కుర్చీ, తరువాత ఎరుపు నీలం రంగులు పులుముకొని జగత్ప్రసిద్ధమైంది. కంటికి అది చిత్రపటమే. వక్కలు ఒలుస్తూ పూటంతా దానిలో కూర్చోవడానికి మాత్రం నడుము ఒప్పుకోదు. డెన్మార్కుకు చెందిన పాంటన్ వెనుక కాళ్లే లేని ప్లాస్టిక్ కుర్చీని రూపొందించాడు. 1967లో అది ఉత్పత్తిలోకి వచ్చింది. అందమైనదే, కానీ సామాన్యునికి అందలేదు.

నా దృష్టిలో అసలైన సృజన, ఎవరూ కన్నెత్తి చూడని తెల్ల ప్లాస్టిక్ కుర్చీలో ఉంది. ఫ్రాన్సులో మాసొనె 1972లో దీనికి దారి వేశాడు. కరిగించిన ప్లాస్టిక్‌ను ఒకే అచ్చులోకి పంపితే రెండు నిమిషాలలోపే కుర్చీ సిద్ధం. మేకు లేదు, అతుకు లేదు. ఒకదానిపై ఒకటి ఇమిడిపోతాయి. విరిగితే మట్టిలో కలవదు. ఆ దోషం చిన్నదేమీ కాదు. అయినా పెళ్లిపందిరిలో వరుసగా వేసిన ఆ కుర్చీలలో పెద్దలది ఏదో, కూలివానిది ఏదో తెలిపే గుర్తు ఉండదు. వచ్చినవాడు ఖాళీ చూసుకొని కూర్చుంటాడు. అతనిని లేవమనే గొంతు మాత్రం కొన్ని ఊళ్లలో ఇంకా వినిపిస్తూనే ఉంది.